సగానికి మరిగిన నీళ్లు

పంపుహౌసు ఆపరేటరుకు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ నెలలో మాత్రం దానికి కారణం కూడా ఉంది. పొలాల్లో బస్తాలకు బస్తాలు చల్లిన ఎరువు నేలలోకి దిగి, ఊరి కుళాయిలకు వెళ్లే బోరు నీళ్లలో నైట్రేటు ఎక్కువైందని పరీక్షలో తేలింది. డబ్బా పాలు తాగే పసిపిల్లలకు ఆ నీళ్లతో పాలు కలిపి పడితే ఒళ్లు నీలం తిరుగుతుందట. ఇంజనీరు ఆ ముక్క చెప్పి జీపెక్కాడు. ఇంటింటికీ తిరిగి చెప్పే పని ఇతని నెత్తిన పడింది.

చెప్పాడు. చెప్పి చెప్పి గొంతు పోయింది. ఏ గుమ్మంలో చూసినా ఒకటే జవాబు, మరిగించుకుంటాంలే అని. మరిగిస్తే చచ్చేవి క్రిములమ్మా, ఇది ఉప్పులాంటిది, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుందే తప్ప పోదు అని మొత్తుకున్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కిరాణా కొట్టాయనైతే, మా తాతల నుంచీ మరిగించే తాగుతున్నాం, పెద్ద చెప్పొచ్చావులే అని వెక్కిరించాడు కూడా.

తన ఇంటి గురించి మాత్రం అతనికి బెంగ లేదు. కూతురికి పాలు పడక, రెండు నెలల మనవరాలికి డబ్బా పాలే పడుతున్నారు. అందుకే రోజూ డ్యూటీ దిగి, ఎక్కడో దూరంగా ఉన్న మంచి బోరు నుంచి సైకిలు మీద క్యాను తెచ్చి వంటింట్లో పెడుతున్నాడు. మంచినీళ్లు తెచ్చానంటాడు, అంతే. ఊరంతా పాడిన పాట ఇంట్లో మళ్లీ పాడే ఓపిక అతనికెక్కడిది?

ఆ సాయంత్రం గ్లాసెడు తాగి, భలే తియ్యగా ఉన్నాయే అన్నాడు. భార్య మురిసిపోయింది.

"మీరు తెచ్చినవే. ఎండలో తిరిగొస్తారని మీకే దాచి ఉంచుతున్నా."

"మరి పాపకి?"

"పసిదానికి పచ్చినీళ్లు పోస్తానా ఏంటి? కుళాయి నీళ్లే, సగానికి మరిగేదాకా పొయ్యి మీంచి దించను."

అతను గ్లాసు వదిలేసి ఉయ్యాల దగ్గరికి పరుగెత్తాడు. పొద్దుటి నుంచి డీలాగా ఉంది నాన్నా, పెదాలు చూడు, చలికేమో అంది కూతురు. అవి నేరేడుపండు తిన్నట్టున్నాయి.

పాపను దుప్పట్లో చుట్టుకుని ఆసుపత్రికని వీధిలోకొచ్చి ఆటో ఎక్కుతుంటే, వెనక నుంచి భార్య రొప్పుతూ వచ్చింది. ఆమె చేతిలో ఫ్లాస్కు ఉంది.

"దారిలో ఆకలేస్తే పాలు కలపాలిగా. బాగా మరిగించినవే."

అతను ఫ్లాస్కు అందుకుని, నీళ్లన్నీ రోడ్డు మీద పారబోశాడు.