పద్మజ వాళ్ల గులాబీలు

వారం పాటు ఇంట్లో లేక, తిరిగొచ్చాక, కడగకుండా వదిలేసి వెళ్లిన కాఫీ ఫిల్టరు మూత తీస్తే, తడి కాఫీ పిప్పి మీద దూదిలాంటి తెల్లటి బూజు, అక్కడక్కడ పచ్చటి మచ్చలు, వానకు నానిన గోనెసంచి వాసన. ఆ వాసనకు మైదుకూరులో మా వీధి, పద్మజ, ఆమె జడలో గులాబీ వరసగా గుర్తుకొచ్చి, ఇన్నేళ్ల తర్వాత కూడా కడుపులో సన్నగా మంట లేచింది.

పద్మజ మా పక్కింటి కిరాణా అంగడి శెట్టిగారి కూతురు, నా తరగతే. సేద్యగాళ్లమైన మాకు తెల్లారితే మజ్జిగ కలిపిన రాగి అంబలి. వాళ్లకు ఇత్తడి ఫిల్టరులోంచి బొట్టుబొట్టుగా దిగే డికాషన్. వేపచెట్లు తప్ప వీధిలో పచ్చనిదేదీ మిగలని ఎండల్లో కూడా వాళ్ల పెరట్లో ఎర్రగులాబీలు పూసేవి, రోజుకొకటి ఆమె జడెక్కి బడికొచ్చేది, పంతులమ్మ సైతం ముందు ఆ పువ్వును చూసి తర్వాతే మా వైపు చూసేది. అదంతా కాఫీ పిప్పి మహిమేనని పద్మజ చెప్పింది. నేను అడగ్గానే వాళ్లమ్మ రోజూ ఇంత పిప్పి గోడ మీదుగా అందించేది. అంత సులువుగా ఇవ్వగలగడం చూసినా నాకు కుళ్లే.

వాళ్ల చెట్టు కొమ్మే ఒకటి తెచ్చి నాటి, అది వేరు పట్టేదాకా ఆ పిప్పినంతా రేకు డబ్బాలో కూరి, మూత బిగించి దాచాను. చిగురు కనబడిన రోజు తీస్తే డబ్బా నిండా బూజు.

“కావాలనే చెడిపోయింది ఇచ్చినారు జేజీ!” అని మా నాన్నమ్మ దగ్గర ఏడ్చాను.

“తడిది మూసిపెడితే బూజు పట్టదామే? ఆ పాపనేల అంటావు? తెచ్చి దిబ్బలో కలుపు, పేడలో మాగితే అదీ ఎరువే.”

ఆ మాగిన ఎరువే చెట్టు మొదట్లో వేశాం. తొలకరి చినుకులు పడ్డాక ఒక్క పువ్వు పూసింది, అరచేతంత, పద్మజ వాళ్ల ఏ పువ్వుకన్నా పెద్దది. జడలో పెట్టుకుని, బడి వేళదాకా ఆగలేక, ఆమెకు చూపించాలని పరిగెత్తాను. వాళ్ల వాకిట్లో లారీ నిలబడి ఉంది, సామాన్లు ఎక్కిస్తున్నారు. పద్మజ నా పువ్వును వేలితో తాకింది.

“శానా బాగుండాదిమే. మేము కర్నూలుకు పోతాండాము. ఆడ మాకు మిద్దె మీద మిద్దె ఉండాదంట.”

లారీ మలుపు తిరిగేదాకా అలాగే నిలబడ్డాను. అంత పెద్ద పువ్వూ అప్పటికప్పుడే చిన్నబోయింది.

ఇప్పుడు ఆ వీధిలో పెరడన్నదే లేదు. వాళ్ల ఇల్లు పడగొట్టి సెల్‌ఫోన్ల దుకాణాలు కట్టారు, మేమూ మా పెరట్లో సిమెంటు పోయించాం. జేజి లేదు, ఎరువు దిబ్బా లేదు. పద్మజ ఏ ఊళ్లో ఉందో చెప్పేవాళ్లు లేరు. ఎక్కడున్నా, ఆమె ఇంట్లో నా పువ్వుకన్నా మంచి పూలు పూస్తుంటాయని మాత్రం నాకు ఖాయంగా తెలుసు.