ఐడెల్ కార్డు మీద మొదటి పేరు

మౌంట్ ఒలివెట్ చర్చి సంఘంలో తెల్ల గౌను, తెల్ల గ్లౌజులు వేసుకుని నడవలో నిలబడే హక్కు లువీనియా టేట్‌కు ఉన్నంతగా మరెవరికీ లేదు. నలభై ఒక్క ఏళ్లు, ఆరాధనలో కళ్లు తిరిగి పడ్డవాళ్లను చూసుకునే సంఘపు నర్సు. ఎనిమిదో తరగతితో బడి మాని పత్తి చేలో దిగిన మనిషి, యాభై నాలుగో ఏట ఆరోగ్య కార్యకర్త పరీక్షకు కూర్చుని, కాలేజీ పిల్లలను దాటి మొదటి మార్కు తెచ్చుకుంది. డెల్టాలోని మా ఆసుపత్రి మూసేస్తామన్నప్పుడు రాజధాని జాక్సన్ వెళ్లి, అధికారుల ముందు మూడు నిమిషాలు మాట్లాడమంటే పదకొండు నిమిషాలు మాట్లాడింది. ఆసుపత్రి మూసేశారు, అది వేరే సంగతి. క్షౌరశాలలో కుర్చీల పక్కన కూర్చుని మగవాళ్లకు బీపీ చూసింది. ఎయిడ్స్‌తో ఇళ్లకు తిరిగివచ్చిన నలుగురు కుర్రవాళ్లకు, కన్నవాళ్లే గుమ్మం దగ్గర ఆగిపోయిన రోజుల్లో, తన చేతులతో స్నానం చేయించింది.

ఇన్ని చేసిన మనిషి ఒక్క మగవాడి పేరు వింటే ఉడికిపోయేది. ఆ పేరు క్లీవన్. ఐడెల్‌కు ఒకప్పటి భర్త.

ఐడెల్, లువీనియా ఒకే ఇంట్లో ఉండబట్టి ఇరవై రెండేళ్లు. రెండు పడక గదులు, ఒకదాంట్లో ఎవరూ పడుకోరు. సంఘంలో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. విడాకులైనా క్లీవన్ శనివారం శనివారం క్యాట్‌ఫిష్ పట్టి తెచ్చి వంటింటి గుమ్మంలో నిలబడి ఏదో ఒక కబురు చెప్పేవాడు. ఐడెల్ పగలబడి నవ్వేది. లువీనియా పొయ్యి దగ్గర నిలబడి ఎన్నిసార్లు నవ్విందో లెక్కపెట్టుకునేది.

ఆమె అసూయకు ఊరట లేకపోవడానికి కారణముంది. చనిపోయిన భర్త తోబయాస్‌ను లువీనియా నిజంగానే ప్రేమించింది. అతని చొక్కా ఒకటి ఇప్పటికీ బీరువాలో ఉంది. ఐడెల్ మీద ప్రేమా అంతే నిజం. మగవాళ్లకూ ఆడవాళ్లకూ చోటున్న మనసు తనదని పదహారో ఏటే ఆమెకు తెలుసు. దానికో పేరుందని శిక్షణలో విన్నప్పుడు, దీనికి పేరు కూడానా అనుకుంది. ఐడెల్‌దీ అదే మనసు. అందుకే, ‘ఆ మగాణ్ణి అది ఏనాడూ ప్రేమించలేదులే’ అని సరిపెట్టుకునే దారి లువీనియాకు లేదు.

ఒక ఆదివారం రెండో పాటలో ఐడెల్ గాయక బృందం వరసలోంచి కుప్పకూలింది. లువీనియా పరుగెత్తి వెళ్లి చూస్తే ఒళ్లు కాలిపోతోంది. బూటు విప్పింది. మేజోడు తడిసి, బొటనవేలు నల్లబడి ఉంది. ఐడెల్‌కు షుగరు. లువీనియా తిడుతుందని పుండు దాచింది.

అంబులెన్సువాళ్లు ఐడెల్ పర్సులోంచి, అవసరానికి ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఉండే క్లినిక్ కార్డు తీసి చూశారు. లువీనియా ఎక్కబోతే ఆపారు.

“బంధువులైతేనే ఎక్కాలమ్మా. మీరేమవుతారు?”

“సంఘం సిస్టర్ని.” ఆ మాట ఇరవై రెండేళ్లుగా నోటికి అలవాటైనది.

“అయితే వెనక రండి.”

సంఘం వ్యానులో యాభై మైళ్లు వెళ్లి, తెల్ల గౌనుతో గదిలో అడుగుపెట్టేసరికి మంచం పక్క కుర్చీలో క్లీవన్ కూర్చుని ఉన్నాడు. చేపలు పట్టిన చోటి బురద కాళ్లకు ఇంకా ఉంది.

“నువ్వెలా వచ్చావు?”

“ఫోన్ చేశారు. కార్డు మీద నా పేరే ఉందట.”

లువీనియా కడుపులో నిప్పు పడింది. మాత్రలు తినిపించింది తను. రోజూ వేలు గుచ్చి షుగరు చూసింది తను. కార్డు మీద పేరు మాత్రం ఇతనిది!

అంతలో డాక్టరు వచ్చాడు. జ్వరంలో ఐడెల్ పొంతన లేకుండా మాట్లాడుతోంది, అందుకని అతను క్లీవన్ వైపే తిరిగాడు. “విషం పైకి పాకుతోంది. రేపు ఉదయం మోకాలి కింద తీసేస్తాం. మీరు సంతకం చేస్తే చాలు.”

“రక్తం కాల్లోకి ఎంత దిగుతోందో పరీక్ష చేశారా?” అంది లువీనియా.

“మీరెవరు?”

ఆమె నోట మళ్లీ అదే వచ్చింది. “సంఘం సిస్టర్ని.”

డాక్టరు తల ఊపి, కాగితం క్లీవన్ చేతికిచ్చి వెళ్లిపోయాడు.

లువీనియాకు ఆ జిల్లాలో ఒంటికాలి మనుషులు ఇల్లిల్లూ తెలుసు. అందరూ నల్లవాళ్లే. పరీక్ష అడిగేవాళ్లు లేకనే చాలామందికి ఆ కాళ్లు పోయాయని ఆమె జాక్సన్‌లో ఆ పదకొండు నిమిషాల్లో చెప్పింది. ఇప్పుడు ఐడెల్ కాలు. అడగగలిగిన నోరు తనది, వినిపించే గొంతు మాత్రం క్లీవన్‌ది.

అతని చొక్కా చేయి పట్టి కాఫీ మిషను దగ్గరికి లాక్కెళ్లింది. ఈ మగాణ్ణి ఏదైనా అడగడం ఆమెకు అదే మొదలు.

“సంతకం పెట్టకు. నేను చెప్పింది చెప్పినట్టు అడుగు. ‘కాల్లో రక్తనాళాల పరీక్ష చేసి చూపించండి. మూసుకుపోయి ఉంటే తెరిచే చోటికి, మెంఫిస్ పెద్దాసుపత్రికి పంపండి. కుదరదంటే ఎందుకు కుదరదో రాసివ్వండి.’ అను.”

క్లీవన్ రెండుసార్లు వల్లించాడు. “నేనడిగితే వింటాడంటావా?”

“నువ్వు మొగుడివనుకుంటున్నాడుగా!”

“నేను కాదని నాకు తెలుసు లువీనియా,” అన్నాడతను మెల్లగా. “ఇరవై రెండేళ్ల నించీ తెలుసు. చేపలు మీ ఇద్దరికీ సరిపడా తెస్తున్నా కదా, చూళ్లేదా?”

 ఆ మంచితనం లువీనియాను ఇంకా మండించింది.

క్లీవన్ అడిగాడు. ‘రాసివ్వండి’ అన్న చోట డాక్టరు ఆగాడు. ఆ మధ్యాహ్నమే పరీక్ష చేశారు, సాయంత్రానికి మెంఫిస్ పంపారు. అక్కడ నాళం తెరిచారు. రెండు వేళ్లు పోయాయి, కాలు నిలిచింది.

జ్వరం దిగిన రోజు లువీనియా అడిగేసింది. “వాడి పేరెందుకు రాయించావే? నేను చచ్చానా?”

ఐడెల్ దిండు మీదే తల తిప్పింది. “నువ్వే కదే వద్దంది. ‘కౌంటర్లో ఉండేది నెట్టీ, మన సంఘంలో తలుపు దగ్గర నిలబడి అందరినీ పలకరించే మనిషి, నా పేరు చూస్తే ఆదివారానికల్లా ఊరంతా తెలుస్తుంది, ఇంకెవరిదైనా రాయించు’ అన్నావు. ఇంకెవరున్నారు నాకు?”

లువీనియాకు గుర్తొచ్చింది. ఒక్క మాట పొల్లు పోకుండా గుర్తొచ్చింది. మంచం పక్క ఆ కుర్చీ క్లీవన్ లాక్కున్నది కాదు, తను లేచి ఇచ్చింది.

తరవాతి నెల ఐడెల్‌ను చేతికర్రతో నడిపించుకుంటూ క్లినిక్‌కు వెళ్లింది. కౌంటర్లో అదే నెట్టీ, గొలుసు కళ్లజోడుతో.

“కొత్త కార్డు రాయి. మొదటి పేరు లువీనియా టేట్.”

“సంబంధం ఏం రాయమంటావు సిస్టర్?”

వెనక బెంచీ మీద సంఘంవాళ్లే ముగ్గురున్నారు. లువీనియా గొంతు తగ్గించలేదు. “నా మనిషి అని రాయి.”

“ఇన్నాళ్లూ ఆ గడిలో నీ పేరు రాయకుండా ఆగలేక చచ్చాను,” అంటూ నెట్టీ కార్డు మీద కలం పెట్టింది. “రెండో పేరు?”

“క్లీవన్‌ది ఉంచు,” అంది ఐడెల్. “అవసరానికి వచ్చాడు మనిషి.”

కడుపులో ఆ పాత నిప్పు రాజుకుంది. లువీనియా దాన్ని మింగింది, కానీ పూర్తిగా కాదు.

“రాయి నెట్టీ,” అంది. “కాస్త చిన్న అక్షరాలతో రాయి.”