షరీక్

మా వైపు ‘షరీక్’ అనే మాట ఒక్కటే, అది చేసే పనులు మాత్రం చాలా. బడిలో చేరినా షరీకే, నౌకరీలో చేరినా షరీకే, దవాఖానలో చేరినా షరీకే, మంచికో చెడుకో ఇంకొకరితో చేయి కలిపినా షరీకే. చివరికి ఈ మాటే నా ప్రాణానికొచ్చింది.

మా అన్న బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఫ్యాక్టరీ మూతబడ్డాక కూడా షిఫ్టు వేళకు ఖాకీ చొక్కా తొడుక్కుని ఎడపల్లి నుంచి బయల్దేరేవాడు. మొదట్లో మేము నవ్వుకున్నాం. తర్వాత తిండి మానేశాడు. లారీలొచ్చే రోడ్డు నడిమధ్యన నడవడం మొదలుపెట్టాడు. వదిన ఏడుస్తూ ఫోన్ చేస్తే నేను పోయి, ఇద్దరం కలిసి నిజామాబాద్ దవాఖానకు తీసుకొచ్చాం.

చెల్లెలిని కదా, నేను సంతకం పెడితే చాలనుకున్నాను. డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఇప్పటి చట్టం ప్రకారం ముందు అన్ననే అడగాలట. ఆయన కాదంటే ఇంకో డాక్టరు కూడా పరీక్ష చేయాలి, అదో పెద్ద పద్ధతి. తన మనసు తన చేతిలో లేని మనిషిని నీకిష్టమేనా అని అడగడమేమిటి? నాకు ఒళ్లు మండింది.

డాక్టరుగారిది గుంటూరు వైపు. “ఇక్కడ చేరతారా?” అని అడిగారు. అన్న ఉలకలేదు, పలకలేదు. నర్సుది మా దిక్కే. “షరీక్ అయితవా అన్నా?” అంది.

అన్న మొహం వెలిగిపోయింది. “అయిత. గిప్పుడే అయిత. ఏ షిఫ్టు?”

“ఒప్పుకున్నడు సార్,” అంది నర్సు.

“సార్, ఆయన నౌకరీ అనుకుంటుండు,” అన్నాను. నోరు మూసుకుంటే పోయేది.

డాక్టరుగారు మళ్లీ అడిగించారు. “అన్నా, గిది ఫ్యాక్టరీ గాదు, దవాఖాన. షరీక్ అయితవా?”

“దవాఖాననే. నాకు కండ్లు లేవా?” అన్నాడు అన్న. “దవాఖానల గూడ షిఫ్టులుంటయి గద.”

డాక్టరుగారు నా వైపు చూశారు, నేను నర్సు వైపు చూశాను. చివరికి చేర్చుకున్నారు. ఇష్టంతో చేరినట్టా, కానట్టా? నాకు అప్పుడూ అర్థం కాలేదు.

అన్న తేరుకుని ఇంటికొచ్చాడు. బుద్ధిగా తింటున్నాడు, చెరుకు తోటకు పోతున్నాడు. ఇక మరిచిపోదామనుకుంటే, ఆ చట్టాన్ని సమీక్షిస్తున్న పార్లమెంటు సభ్యులు నిజామాబాద్ వస్తున్నారని, ఇంటివాళ్ల మాట వింటారని నన్ను పిలిచారు. ఇంటివాళ్ల సంతకం చాలా, రోగి ఒప్పుకోవాలా అన్నదే వాళ్ల ప్రశ్న. అన్న మళ్లీ రోడ్డెక్కితే మేమేం చేయాలన్నది కూడా దాన్నిబట్టే ఉంటుంది. ఎంత ఆలోచించినా ఎటూ తేలక, అన్ననే అడుగుదామని ఎడపల్లి పోయాను.

“అన్నా, ఆ దినం నువ్వు ఇష్టంతోనే షరీక్ అయినవా?”

గట్టు మీద కూర్చుని చెరుకు నములుతున్నవాడు ఆగిపోయాడు. “నౌకరీ అనుకున్ననో, దవాఖాన అనుకున్ననో, నాకే ఎరుక లేదు చెల్లే.” పిప్పి ఊసి నా వైపు తిరిగాడు. “గని నేను కాదన్నా నన్ను ఆడ ఉంచుదామనే తీస్కపోయిండ్రు గద. దాంట్ల నువ్వు గూడ షరీకేనా?”

రేపే మీటింగు. వాళ్లకు ఏదో ఒకటి చెప్తాను. అన్నకు మాత్రం ఇంకా చెప్పలేదు.