మలికిపురం తోటలో దొర గోరీ

పెద్దల అమావాస్యకి ముందు రోజు మధ్యాహ్నం, స్టాఫ్ రూములో ఏడో తరగతి సోషల్ పేపర్లు దిద్దుకుంటుంటే మావయ్య ఫోను చేశారు. "అమ్మాయ్, రేపు నాలుగింటికి పొక్లెయిన్ వస్తుంది. అక్క, అదే మీ దొడ్డమ్మ, గోరీ దగ్గర పెట్టాల్సింది పెట్టేశాక దొర గోరీ తీయించేస్తున్నాను. మీ అమ్మ ఉంటే దానికి చెప్పేవాణ్ణి. లేదు కాబట్టి నీకు చెప్తున్నాను" అని, నేను నోరు తెరిచేలోపే పెట్టేశారు. నేను సి.ఎల్. రాసిచ్చి ఇంటికి వచ్చేశాను. మావయ్యతో ఫోనులో వాదించడం గోడతో మాట్లాడటమే. ఎదురుగా కూర్చుంటే కాస్త నయం.

సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మా అమ్మ పుట్టింటివాళ్ళకి మలికిపురం దగ్గర కొబ్బరితోట ఉంది. దాని మధ్యలో ఇటుకా సున్నంతో కట్టిన నడుమెత్తు గోరీ. దాని మీద రాత ఏమీ లేదు. కంపెనీ పటాలంలో ఒక కప్తాను ఇక్కడ కొన్నాళ్ళు ఉన్నాడనీ, ఈ ఊరి ఆవిడతో కాపురం చేశాడనీ, వాళ్ళ కొడుకుతోనే మా వంశం మొదలైందనీ మా వాళ్ళలో సగంమంది అంటారు. కాదు, ఆ దొర దగ్గర పనిచేసిన సిపాయి మా మూలపురుషుడు, ఆవిడ అతని పెళ్ళాం అని మిగతా సగం. గోరీ దొరదేనన్న ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. మా దొడ్డమ్మ కొడుకు, అమలాపురం అన్నయ్య, దొర పార్టీ. పోయిన నెల గోరీ ఫోటో తీసి "మా కప్తాను తాతగారు" అని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, బోర్డు కూడా పాతిస్తానన్నాడు. తోట మావయ్యది. అదీ గొడవ.

రాజమండ్రి కాంప్లెక్సులో పొద్దున్న ఐదూ నలభై ఐదుకి బస్సెక్కాను. ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు, కార్డు పైకే పెట్టుకోండి. రావులపాలెం మీదుగా, మావయ్య ఉండే కొత్తపేట చేరేసరికి ఏడున్నర దాటింది. మావయ్య వీధరుగు మీద పేపరు చదువుతున్నారు. డెబ్బై దాటినా ఆ కళ్ళు అలాగే ఉన్నాయి, తేనెరంగులో. నావీ అవే. అత్తయ్య కాఫీ ఇచ్చి, గొడవ తనకి పట్టనట్టు లోపలికి వెళ్ళిపోయింది.

"మావయ్యా, ఒక్క నెల ఆగండి. ఎవరినైనా తీసుకొచ్చి చూపిద్దాం" అన్నాను.

"ఏం చూపిస్తావే? మేం తోటలో ఉండేవాళ్ళం అప్పుడు, నాకు ఎనిమిదేళ్ళు. బడిలో పిల్లికళ్ళోడా, దొర ఉంచుకున్నదాని మనవడా అనేవారు. వాళ్ళతో కొట్టుకుని, పలక పగలగొట్టుకుని ఇంటికొచ్చేవాణ్ణి. మా నాన్న గోరీకేసి చూసి ఊరుకునేవాడు. ఇప్పుడు మా మేనల్లుడు అదే మాట బోర్డు మీద రాయిస్తాడంట. అది అక్కడ ఉన్నన్నాళ్ళూ ఎవడో ఒకడు రాస్తూనే ఉంటాడు."

నన్నూ కాలేజీలో పిల్లికళ్ళు అన్నారు. కాకపోతే మెచ్చుకోలుగా అన్నారు, అంతే తేడా. మగవాడికి, అందులోనూ తల్లిని కలిపి అంటే, అది ఎక్కడ తగులుతుందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

తొమ్మిదిన్నరకి అమలాపురంలో దిగాను. బస్టాండు వెనక సందులో ఒకావిడ పొట్టిక్కలు అమ్ముతుంది. పనసాకుల దొప్పల్లో ఉడికిన ఇడ్లీలు, రెండు నలభై రూపాయలు. "ఏ ఊరండి మీది?" అని అడిగి, చెప్పగానే "ఓ, దొర గోరీ ఇయ్యాల తవ్వుతున్నారటండి కదా. అందులో బంగారం ఉందంటండి" అంది. ఇరవై మైళ్ళ అవతలికి వార్త పాకిపోయింది. రెండో పొట్టిక్క అలాగే వదిలేసి లేచాను.

అన్నయ్య తన కంప్యూటర్ సెంటర్లో ఇత్తడి గుండీ ఒకటి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. తరతరాలుగా మా ఇంట్లో ఉన్న పటాలం గుండీ, అతని దగ్గరున్న ఒకే ఒక్క సాక్ష్యం. సిపాయిలకీ అలాంటి గుండీలే ఉండేవని నేనంటే మొహం మాడ్చుకున్నాడు. "గోరీ మీద చెయ్యేస్తే పొక్లెయిన్‌కి అడ్డంగా పడుకుంటాను చూడు" అన్నాడు. పడుకునే రకమే. నువ్వు రావద్దని ఒంటిగంట దాటేదాకా బతిమాలాను, నాకన్నా ముందు బండి తీశాడు.

తాటిపాక మీదుగా రాజోలు, అక్కణ్ణుంచి మలికిపురం. బస్సు మారడంతో కలిపి గంటన్నర. మలికిపురం సెంటర్ నుంచి తోటకి ఆటో విడిగా అయితే నూట యాభై. వాన పడితే లోపలిదాకా రారు, చివరి అర కిలోమీటరు బురదలో నడవాలి. మూడున్నరకి నేను చేరేసరికి పసుపురంగు యంత్రం అప్పటికే కంచె లోపల ఉంది. పాతికమంది జనం, అందరి కళ్ళూ గోరీ మీదే. మావయ్య ఒక చెట్టు కింద, అన్నయ్య ఇంకో చెట్టు కింద. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం లేదు.

మా ఇంటి ఆచారం ఒకటుంది. అమావాస్యనాడు గోరీ దగ్గర పెట్టేది ఆడవాళ్ళే. పెట్టడం అయ్యేదాకా మగవాళ్ళు కంచెకేసి తిరిగి నిలబడాలి, దొర తినేటప్పుడు మగాళ్ళు చూడకూడదట. అత్తగారి దగ్గర కోడలు నేర్చుకుంటుంది. కోడలు లేకపోతే, లేదా మా అత్తయ్యలా పట్టించుకోకపోతే, ఊళ్ళోనే మెట్టిన ఆడపడుచు, మా దొడ్డమ్మలాగ. పై ఊరికి మెట్టినింటికి వెళ్ళినవాళ్ళకి ఆ పని ఉండదు. అందుకే మా అమ్మా వెళ్ళలేదు, నేనూ వెళ్ళలేదు. ఆ వేళ ఎనభై నాలుగేళ్ళ దొడ్డమ్మకి పళ్ళెం పట్టుకోవడానికి చెయ్యి కావాల్సొచ్చి నన్ను పిలిచింది.

మగవాళ్ళంతా అటు తిరిగారు. దొడ్డమ్మ గోరీకి పసుపు రాసింది. చేపల పులుసు, అన్నం ఆకులో పెట్టింది. పక్కన రెండు నల్ల మట్టిగాజులు పెట్టింది. తర్వాత చుట్ట వెలిగించి ఒక దమ్ము లాగి, గోరీకున్న చిన్న గూట్లో పెట్టింది. నిప్పున్న కొస లోపలికి, నిప్పులేని కొస మా వైపుకి.

"దొడ్డమ్మా, తిరగేసి పెట్టావేం?"

"మా నాయనమ్మ ఇలాగే పెట్టేది. ఇంటి దగ్గర తాతల పటాలకి నిప్పు బయటికే పెడతాం. ఇక్కడ మాత్రం లోపలికే."

"మరి గాజులు?"

"ఏమోనే. పెట్టమన్నారు, పెడుతున్నాను."

అంతలో పైనుంచి మాట వినపడింది. మగవాళ్ళందరినీ తిప్పి నిలబెట్టాం గానీ, యంత్రం మీద కూర్చున్న డ్రైవరు సంగతి మరిచిపోయాం. "అది అడ్డపొగండి" అన్నాడు అతను. "మా అమ్మమ్మా అలాగే కాల్చేదండి, నిప్పు నోట్లో పెట్టుకుని. మా వైపు ఆడాళ్ళే కాలుస్తారండి అలాగ. దొరగారి గోరీ అని చెప్పేరు కదండి, ఇది ఆడమనిషిది లాగుందండి."

అందరూ ఒక్కసారి ఇటు తిరిగారు. "దొర ఇక్కడికొచ్చి అలవాటు చేసుకున్నాడేమో" అన్నాడు అన్నయ్య.

"అలవాటు చేసుకుని గాజులు కూడా తొడుక్కున్నాడేంట్రా?" అంది దొడ్డమ్మ.

మావయ్య చెప్పులు విడిచి గోరీ దగ్గరికి వచ్చారు. గూట్లో సన్నగా పొగ వస్తోంది. ఆ గోరీ కింద తన పరువు తీసినవాడు ఉన్నాడని డెబ్బై ఏళ్ళు నమ్మిన మనిషి. ఉన్నది ఎవరి కోసమైతే పలక పగలగొట్టుకున్నాడో ఆవిడ. "బండి తీసుకెళ్ళిపోండి, బాబూ" అన్నారు డ్రైవరుతో. "ఆయ్, అలాగేనండి" అని అతను వెనక్కి తిప్పాడు. బంగారం కోసం వచ్చినవాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు.

అన్నయ్య పట్టు వదలలేదు. "గోరీ ఆవిడదే అనుకో, మావయ్యా. తండ్రి మాత్రం దొరే అయ్యుండాలి."

నేను భయపడ్డాను. మావయ్య మాత్రం అరవలేదు. "కావచ్చురా" అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట వినడం అదే మొదటిసారి.

తిరుగు బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. మేం ఎవరికి పుట్టామో ఇప్పటికీ తెలియదు, ఆ గుండీ కప్తానుదో సిపాయిదో ఎప్పటికీ తేలదేమో. దానికి నాకు బెంగ లేదు. బయల్దేరేముందు మావయ్య గోరీ మీద చెయ్యి వేసి, "అక్కా, ఈవిడ పేరేంటి?" అని అడిగారు. దొడ్డమ్మ గుర్తు తెచ్చుకోవాలని చూసింది. వాళ్ళ నాయనమ్మ చెప్పలేదట, ఈవిడా అడగలేదట. తండ్రి ఎవరని ఇన్ని తరాలు కొట్టుకున్నాం, ఒక్కరం కూడా తల్లి పేరు అడగలేదు.

మీరూ ఇలాంటి వెతుకులాట మీద బయల్దేరేటట్టయితే, రాజోలు వైపు సాయంత్రం ఐదున్నరకల్లా బస్సెక్కేలా చూసుకోండి, చీకటి పడితే ఆటోలు దొరకవు. ఒక నోటుపుస్తకం పట్టుకెళ్ళండి. ఇంట్లో అందరికన్నా పెద్దావిడ దగ్గర కూర్చుని ముందు ఆడవాళ్ళ పేర్లు రాసుకోండి. మగవాళ్ళవి ఎలాగూ ఎవరో ఒకరు చెబుతారు.