ఎర్ర బొంత మీద ఒక గంట

ఒక పసిబిడ్డను, ఒక ఆటోను, ఒక డాక్టరమ్మను, మా వీధిలో సగం జనాన్ని ఒక్క సూదీ దారంతో పరుగులు పెట్టించిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఆ మనిషిని నేనే. ఆ ఘనకార్యానికి నాకు కావలసి వచ్చినవి రెండున్నర మీటర్ల ఎర్రగుడ్డ, లెక్కలేనంత తర్కం. గుడ్డ తర్వాత పనికొచ్చింది. తర్కం సంగతి మీరే తేల్చండి.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. శ్రీకాకుళంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు హేతువాద మిత్రుల చర్చల్లో ఎదుటివాళ్ళ నోళ్ళు మూయించేవాణ్ణి. నా లెక్కలో ప్రపంచంలో రెండే రకాల మనుషులుండేవారు: నాతో ఏకీభవించినవాళ్ళు, ఇంకా నా ఉపన్యాసం విననివాళ్ళు. మూడో రకం కూడా ఉందనీ, వాళ్ళు ఉపన్యాసమంతా విని, తలాడించి, తమ పని తాము చేసుకుపోతారనీ, మా అమ్మ ఆ రకమనీ తెలుసుకోవడానికి నాకు ఒక బొంత అవసరమైంది.

మే నెల. మా అక్క సుజాత చీపురుపల్లిలో మా ఇంట్లోనే పురుడు పోసుకుంది. నేను సెలవులకి ఇల్లు చేరేసరికి మేనల్లుడి వయసు పది రోజులు. అమ్మ వరండాలో పాత నూలుచీరలు నాలుగు పొరలుగా పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి, అంచు నుంచి లోపలికి వరస తర్వాత వరస బొంత కుడుతోంది. కట్టి కట్టి, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ చీరలవి. మా ఇళ్ళల్లో పుట్టిన ప్రతి బిడ్డకీ మొదటి పక్క అలాంటిదే. నాక్కూడా.

"ఇదేమిటమ్మా, అన్నీ పాతవే? పిల్లాడికి ఒక్క కొత్తగుడ్డ దొరకలేదా?" అన్నాను.

అమ్మ సూది ఆపకుండానే చెప్పింది: "సంటోడికి కొత్తబట్ట కూడదురా."

కూడదు! ఆ మాట వింటే ఆ రోజుల్లో నాకు చెప్పులో ముల్లు దిగినట్టుండేది. చేతిలో సంచి కింద పెట్టి, నిలబడ్డచోటే ఉపన్యాసం మొదలుపెట్టాను. కొత్తబట్ట వేస్తే దిష్టి తగులుతుందన్న భయం నుంచి మొదలెట్టి, గ్రహణాల మీదుగా, పిల్లి ఎదురు రావడం దాకా నలభై నిమిషాలు దంచాను. గమనించండి, దిష్టి అన్న మాట అమ్మ అనలేదు. ఆవిడ తరఫున అదీ నేనే అన్నాను. ఆవిడ తరఫు వాదన నేనే వినిపించి, దాన్ని నేనే చిత్తు చేశాను. అంత సులువుగా గెలిచిన వాదం నా జీవితంలో మరొకటి లేదు.

"అయిపోనాదేటి?" అంది అమ్మ, దారం కొరికి. "గొంతెండిపోయుంటాది. కుండలో నీలున్నాయి, తాగు."

"అమ్మా, పందెం! నేనే కుడతాను బొంత. పూర్తిగా కొత్తబట్టతో, నా చేత్తో. బారసాల నాడు వీడు దాని మీద గంటసేపు నిద్రపోతే, ఈ ఇంట్లో ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీయడం నువ్వు మానెయ్యాలి."

"మానేత్తాను. పడుకోకపోతేనో?"

"అందరి ముందూ పీట మీద కూర్చుని నీ చేత నేనే దిష్టి తీయించుకుంటాను!"

వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న బావ పేపరు పక్కన పెట్టేశాడు. "బామ్మరిదీ, ఇంకోసారి ఆలోసించుకో. ఈ ఇంటికొచ్చి ఆరేళ్ళయింది, మీ అమ్మ ఓడిపోడం నాను సూడనేదు."

గదిలోంచి అక్క గొంతు వినిపించింది. "మీ పందేలు మీవి, మద్దెన నా కొడుకేటిరా? పది రోజులై నాను కన్ను మూయనేదు. ఈడు నిద్రోతే సాలు. నువ్వు బొంత కుడతావో బొగ్గుల బస్తా పరుస్తావో నీ ఇష్టం."

ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఇంట్లో నిజమైన అవసరం ఒక్కటే: ఆ బిడ్డ నిద్రపోవాలి, వాడి తల్లి నిద్రపోవాలి. నాకు మాత్రం సమాజం మేలుకోవాలి.

పై పొరకీ కింద పొరకీ గుడ్డ కావాలి. ఒక దానికి పొందూరు ఖద్దరు తెచ్చాను, పాలమీగడలాంటి తెల్లటి గుడ్డ. దాన్నే పైన వేసి ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు. కాని నా సంచిలో ఇంకొకటుంది. మా సభకు బ్యానర్ రాయించడానికి తెప్పించిన ఎర్రగుడ్డలో రెండున్నర మీటర్లు మడత విప్పకుండా మిగిలిపోయింది. అసలు సిసలు కొత్తది. నా భావాలకీ సరిగ్గా సరిపోయింది. అభ్యుదయం ఎప్పుడూ పైనుండాలి కాబట్టి తెలుపు కిందికీ ఎరుపు పైకీ అని తీర్మానించాను. ఆ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది కూడా నేనే.

పక్కింటి పైడమ్మ పిన్ని గోడ మీంచి చూసింది. "ఏటయ్యా, గంజి తియ్యకుండానే కుట్టేత్తన్నావు? ఓపాలి నీలల్లో జాడించి ఎండెయ్యి."

"ఉతికితే పాతదైపోదా పిన్నీ? అప్పుడిక ప్రయోగం విలువేముంది?"

పిన్ని నోరు తెరిచి, నా మొహం చూసి, మూసేసింది. శాస్త్రీయ దృక్పథం ముందు అజ్ఞానం అలాగే తలదించుకుంటుందని నేను మురిసిపోయాను.

కుట్టుపని ఆడవాళ్ళదే అన్న దురాచారాన్ని కూడా అదే దెబ్బతో కూల్చాలని వారం రోజులు వరండాలో, నలుగురూ చూసేలా కుట్టాను. మొదటి రోజు సాయంత్రం బొంత ఎత్తబోతే కిందనున్న చాప కూడా లేచి వచ్చింది. దాన్ని విడదీయడానికి రెండో రోజంతా పట్టింది. మూడో రోజు నుంచీ నా వేళ్ళు ఎర్రగా మారాయి. సూది పోట్లు! నెత్తురు! బావ ముందు రెండు చేతులూ చాపి గర్వంగా అన్నాను: "చూడు బావా, ఒక సంస్కరణ కోసం ఎంత రక్తం ధారపోశానో!"

బావ దగ్గరికొచ్చి వంగి చూశాడు. "పది వేళ్ళకీ పొడుసుకున్నావేటి?"

"పదింటికీ!"

"అరిసేతికి కూడానా?"

నేను సూదిలో మళ్ళీ దారం ఎక్కించాను. అనుమానం పుట్టాల్సిన చోట నాకు ఆవేశం పుట్టేది.

బారసాల నాటికి బొంత తయారైంది. నిలబెడితే గోడ ఆసరా లేకుండా నిలబడింది, కవాతుకొచ్చిన కొత్త పోలీసులాగ. మడత పెడితే అప్పడంలా చప్పుడు చేసింది. పేరు పెట్టడం ముగిసి, చుట్టాలు భోజనాలకి లేస్తుండగా అక్క పిల్లాడికి నూనె రాసి, నీళ్ళు పోసి, ఆ ఎండలో డైపరు ఎందుకని ఒంటి మీద నూలుపోగైనా లేకుండా తెచ్చి నా బొంత మీద పడుకోబెట్టింది. నేను గడియారం చూశాను. పన్నెండూ పది.

మొదటి ఇరవై నిమిషాలూ వాడు ఏడ్చిన ఏడుపు రైల్వేస్టేషన్ దాకా వినిపించి ఉంటుంది. అమ్మ నా వంక చూసింది. నేను పైకప్పు వంక చూశాను. పన్నెండున్నరకి అలసిపోయాడు. కళ్ళు మూశాడు. నిద్రపోయాడు!

మీరు నమ్మరు, వాడు నిజంగానే గంటసేపు నిద్రపోయాడు. మధ్యలో రెండుసార్లు తడిపాడు కూడా. లేపితే పందెం పోతుందని నేనెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఒంటిగంటా ఇరవై అయిదుకి విస్తళ్ళ ముందున్న చుట్టాలకి విజయోపన్యాసం ప్రారంభించాను. సరిగ్గా ఒకటిన్నరకి, "ఇదిగో, కొత్తబట్ట మీద పడుకున్న బిడ్డ! ఎక్కడ మీ కీడు?" అంటూ మేనల్లుణ్ణి రెండు చేతులా పైకెత్తి చూపించాను.

విస్తళ్ళ ముందున్న తలలన్నీ లేచాయి. తర్వాత పైడమ్మ పిన్ని కేక.

"అమ్మో! అమ్మోరు! సంటోడికి అమ్మోరు పోసేసినాది!"

తిప్పి చూశాను. మెడ నుంచి మడమల దాకా బిడ్డ వెనకభాగమంతా మందారం ముద్దలా ఉంది.

అక్క చేతిలో గ్లాసు జారిపోయింది. "నా కొడుకు! ఒరే, నా కొడుక్కేటయిందిరా?"  అప్పటిదాకా అదంతా వాదన. ఆ క్షణాన అది ఇరవై ఒక్క రోజుల బిడ్డ.

అమ్మ ఒక్కతే కంగారు పడలేదు. దగ్గరికొచ్చి, బిడ్డ వీపు చూసి, బొంత చూసి, నా చేతులు చూసి, "ఒసే పైడీ, ఓ తడిగుడ్డ అందుకో" అంది.

"వీల్లేదు!" అని గర్జించాను. "తడిగుడ్డలూ వేపాకులూ పసుపూ ఏవీ ముట్టించడానికి వీల్లేదు! ఇది అమ్మవారూ కాదు, అయ్యవారూ కాదు. ఎలర్జీ! రక్తం విషమయ్యే ప్రమాదం ఉంది! పిల్లాణ్ణి మూఢత్వానికి బలివ్వను! బావా, ఆటో!"

"ఒరే, ఓపాలి సెప్పింది ఇనరా..." అంది అమ్మ.

"ఆటో!"

ఆటోలో నేనూ, అక్కా, బిడ్డా, అమ్మా. వెనక బండి మీద బావ. ఆ వెనక, చేయి కడుక్కున్నవాళ్ళూ కడుక్కోనివాళ్ళూ. దారి పొడుగునా వైద్యశాస్త్రం ఎలా అభివృద్ధి చెందిందో అక్కకి చెబుతూనే ఉన్నాను. అమ్మ పిడికిట్లో ఏదో పట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డ జ్వరం చూసింది. గుండె చూసింది. వీపు మీద వేలితో రాసి, ఆ వేలు చూసుకుంది. "సిస్టర్, కొంచెం దూది తడిపి తీసుకురండి" అంది. సిస్టరు లోపలికి వెళ్ళింది. అమ్మ పిడికిలి విప్పి, అందులో నలిగిన తడిగుడ్డ డాక్టరమ్మ చేతికిచ్చింది.

ఒక్క తుడుపు. గుడ్డ ఎర్రబడింది. దాని వెనక మా మేనల్లుడి వీపు, బంగారంలా మామూలుగా, బయటపడింది.

"ఇది జబ్బు కాదండీ, రంగు. గంజికి చర్మం కాస్త ఒరుసుకుంది, అంతే. దీన్ని దేని మీద పడుకోబెట్టారు?"

అందరూ నా వంక చూశారు. డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "మీ చేతులు ఒకసారి చూపించండి."

చూపించాను. నా సంస్కరణ రక్తం పది వేళ్ళ మీదా, రెండరచేతుల మీదా నిగనిగలాడుతోంది. తలుపు దగ్గర బావ నవ్వు ఆపుకోలేక వరండాలోకి పారిపోయాడు.

తిరుగు ఆటోలో బిడ్డ అమ్మ పాతచీర కొంగులో చుట్టుకుని నిద్రపోయాడు. వాడి తల మీద చెయ్యి వేసి అక్కా నిద్రపోయింది, మూడు వారాల తర్వాత మొదటిసారి. అప్పుడు నేను జీవితంలో తొలిసారి అడిగాను: "అమ్మా, పిల్లాడికి కొత్తబట్ట ఎందుకు కూడదు?"

"రంగు దిగుతాది. గంజికి ఒల్లు గీసుకుంటాది. పాత సీర మెత్తగుంటాది. మరేటనుకున్నావు?"

"మూఢనమ్మకమనుకున్నాను."

"నన్నడిగినావేటి? వచ్చిన కాణ్ణించీ సెప్తనే ఉన్నావు."

ఇంటికి రాగానే, బిడ్డ గంట పడుకున్నా ఓడింది నేనేనని ఒప్పుకుని, ఆడినమాట తప్పని మనిషిగా, వరండాలో పీట వేసుకుని కూర్చున్నాను. చుట్టాలంతా మూగారు. పైడమ్మ పిన్ని ఉప్పూ మిరపకాయలూ తెచ్చింది. అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసి, వాటిని వంటింట్లోకి పంపించేసింది.

"లేరా. ఆ బొంత సూసి నీ మీద ఎవుడికి కుళ్ళు పుడతాది? దిష్టి తగలాలంటే కూసింతయినా బాగుండాల."

శిక్ష మాత్రం తప్పలేదు. సెలవులన్నీ అమ్మ పక్కన కూర్చుని, పాత చీరలతో మూడు బొంతలు కుట్టాను. చాప అంటకుండా.

ఎర్ర బొంతను పారేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. వారం వారం ఉతికింది. నాలుగేళ్ళకి అది లేత గులాబీ రంగుకి తిరిగి, చేత్తో పడితే జారిపోయేంత మెత్తబడింది. నా కూతురు పుట్టినప్పుడు తొలి పక్కగా దాన్నే పరిచి, "ఇప్పుడయినాది బొంత" అంది.

నేను ఇప్పటికీ హేతువాదినే. ఉప్పూ మిరపకాయల మీద మా వివాదం ఇంకా సాగుతూనే ఉంది, దానిలో మాత్రం నేను తగ్గను. అయితే, చీపురుపల్లి ఆటోస్టాండు సాక్షిగా, ఆ తడిగుడ్డ సాక్షిగా, పాఠకులందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను: కనీసం మూడుసార్లు ఉతికి ఎండెయ్యకుండా, ఇక ఏ సిద్ధాంతాన్నీ పసిపిల్లల కింద పరచను.