ఎవరూ బదులు పలకలేదు

ఆ మెమో ఇప్పటికీ నా బీరువాలో, మా నాన్న పాటల పుస్తకం కింద ఉంది. ప్రభుత్వ శిక్షణా కార్యక్రమంలో మతపరమైన పలకరింపు వాడినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని అందులో రాశారు. అది కాగితం మీది ప్రశ్న. కాగితం మీద లేని ప్రశ్నను మా ఏఓ గారు తన గదిలో నన్ను నిలబెట్టి అడిగారు. నా పలకరింపుకు ఎవరెవరు బదులు పలికారని. ఆ రెండో ప్రశ్నకు పేర్లతో జవాబు రాస్తే సూపరింటెండెంటు కుర్చీ నాది. రాయకపోతే కాదు.

మా ఆఫీసు బాపట్లలో. ఏ శాఖో చెప్పను. చెప్పినా ఒరిగేదేమీ లేదు, అన్ని శాఖల్లోనూ అవే బల్లలు, అవే ఫైళ్ళు, అవే మొహాలు. అక్కడ నేను సీనియర్ అసిస్టెంటుని. మా సూపరింటెండెంటు గారు ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. కొత్త మనిషి వచ్చేదాకా ఆ కుర్చీని ఇన్‌చార్జిగా సెక్షన్‌లో అందరికంటే సీనియరుకి ఇవ్వడం వాడుక. సీనియరుని నేనే. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, తెలియనట్టు ఉండటం ఇంకా బాగా తెలుసు.

సరిగ్గా ఆ ఆఖరి వారంలోనే తెనాలిలో నాయకత్వ శిక్షణ వచ్చింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ ఉద్యోగులు పై హోదాల్లో తక్కువగా ఉన్నారనీ, వాళ్ళలో నాయకత్వ లక్షణాలు పెంచాలనీ ఐదు రోజుల కార్యక్రమం. ఆఫీసు పరిపాలన అంతా చేతిలో ఉన్న మా ఏఓ గారు ఎన్నడూ లేనిది నా బల్ల దగ్గరికి నడిచొచ్చారు.

"మిమ్మల్నే నామినేట్ చేశానమ్మా. రేపు కుర్చీలో కూర్చోవలసినవాళ్ళు నేర్చుకోవద్దా?"

"నెలాఖరు కదండీ, ఇక్కడ చార్జి అప్పగింతలు ఉంటాయేమో."

"అవి మేం చూసుకుంటాంలెండి. మీరు లీడరై రండి."

పక్క బల్ల మీద నా కంటే నాలుగేళ్ళు జూనియర్ ఒకతను తల వంచుకుని ఫైలు చూస్తున్నాడు. ఫైలు తిరగేసి పట్టుకున్నాడని నాకు తర్వాత తట్టింది. కుర్చీ ఖాళీ అయ్యే రోజున నేను ఊళ్ళో లేకుండా చేయడానికి నాయకత్వ శిక్షణ కంటే మర్యాదైన దారి వాళ్ళకు దొరకలేదు.

నాయకత్వం నాకు కొత్త కాదు. మాది రేపల్లె దగ్గర ఒక పల్లె. మా నాన్న మిషను బడిలో పంతులు, మా గుడికి సంఘపెద్ద. పాస్టరు అయ్యగారికి పది ఊళ్ళు ఉండేవి. మా ఊరి వంతు నెలకో ఆదివారం. మిగతా ఆదివారాలు ఆరాధన నడిపేది నాన్నే. నాకు పదిహేడో ఏట ఆయన గొంతు పూర్తిగా పోయింది. ఆ ఆదివారం పుస్తకం నా చేతిలో పెట్టి, ముందుకు వెళ్ళమని చేత్తో చూపించారు. వెళ్ళాను. వారమంతా పొలంలో ఒంగి ఒంగి నడుములు పట్టేసిన మగవాళ్ళూ, నన్ను ఎత్తుకు పెంచిన ఆడవాళ్ళూ ఎదురుగా చాపల మీద ఉన్నారు. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని "అందరికీ వందనాలు" అన్నాను. "వందనాలమ్మా" అని సంఘమంతా ఒక్క గొంతుతో పలికింది. ఆ మాట వినగానే బల్ల అంచు వదిలి పుస్తకం తెరిచాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి అదే గుడిలో ఆదివారపు బడి పిల్లలకు నేర్పాను. వాక్యం కంటే ముందు నేర్పింది ఇదే. పెద్దవాళ్ళు వందనాలు అంటే నోరు మూసుకుని కూర్చోకూడదు, గట్టిగా బదులు పలకాలి. పలకని పిల్లల్ని నిలబెట్టి పదిసార్లు అనిపించేదాన్ని.

తెనాలి హాల్లో ముప్పైమంది దాకా ఉన్నాం. శిక్షకుడు కోటు వేసుకుని వచ్చాడు. మొదటి గంటలోనే మమ్మల్ని లేపి, రెండు చేతులూ నడుం మీద పెట్టించి "నేను నాయకుణ్ణి" అని అరిపించాడు. ఆడవాళ్ళతో కూడా నాయకుణ్ణనే అనిపించాడు.

"మీవాళ్ళలో ఒక లక్షణం గమనించాను. కుర్చీ ఇచ్చినా అంచున కూర్చుంటారు. వెనక్కి ఆనుకుని కూర్చోండి! ఆ కుర్చీ మీదే అనుకోండి!"

"నా కుర్చీకి వీపు లేదు సార్," అంది నా పక్కనున్న ఆమె. "వెనక్కి ఆనుకుంటే వెనక సారు ఒళ్ళో పడతాను."

హాలంతా నవ్వింది. శిక్షకుడు నవ్వలేదు. "ఇదిగో, ఈ సీరియస్‌నెస్ లేకపోవడమే మిమ్మల్ని కింద ఉంచుతోంది" అన్నాడు. మమ్మల్ని కింద ఉంచింది మా నవ్వు కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

కుర్చీకి వీపు లేదన్నది మా ఊరి పిల్లే. రేపల్లెలో ఇంకో ఆఫీసులో పనిచేస్తోంది, రోజూ పొద్దున్న పాసింజరు ఎక్కి తెనాలి వచ్చేది. చిన్నప్పుడు నా ఆదివారపు బడిలో ముందు వరస. తన సర్వీసు రిజిస్టరులో ఎస్సీ, హిందువు అని ఉంటుంది. నా దాంట్లో అలా ఉండదు. మా నాన్న బడిలో చేర్చేటప్పుడే మమ్మల్ని క్రైస్తవులని రాయించారు. అలా రాయించుకున్నవాళ్ళు ఎస్సీ కిందికి రారు. బీసీల్లో ఒక చిన్న మూలకి తోసేస్తారు, అక్కడ ఉద్యోగాలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అందుకే మా వైపు చాలా కుటుంబాలు ఆదివారం గుడిలోనూ సోమవారం ఇంకో కాగితంలోనూ బతుకుతాయి. వాళ్ళను చూస్తే నా కడుపు మండేది. ప్రభువును ఎరగనని చలిమంట దగ్గర అన్న శిష్యుడు కోడి కూసేసరికైనా ఏడ్చాడు. వీళ్ళు ఇంక్రిమెంట్లు తీసుకున్నారు. ఆ పిల్లతో ఐదు రోజులూ టిఫిన్ పంచుకున్నాను, నవ్వాను, కానీ మనసులో ఈ మాట ఒక్క రోజూ మర్చిపోలేదు.

ఆఖరి రోజు నమూనా సమావేశం పెట్టారు. అధ్యక్షత నాది. పరిశీలించడానికి ఒక అధికారి వచ్చి, ముందు వరసలో మా హాజరు పట్టీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ పట్టీలో ప్రతి పేరు పక్కనా హోదా, కేటగిరీ ఉన్నాయి. నేను ముందుకు వెళ్ళాను. ఎదురుగా వరసగా మొహాలు. చేతులు వాటంతటవే బల్ల అంచు పట్టుకున్నాయి.

"అందరికీ వందనాలు."

"వందనాలండి!"

ఒకరిద్దరు కాదు. హాల్లో సగం పైగా. అదే సాగదీత, అదే ఒక్క గొంతు. ఆదివారం పొద్దున్న మా ఊరి గుడి కప్పు కింద విన్నట్టే ఉంది. ఆ శబ్దం ఇంకా గాల్లో ఉండగానే పలికిన ప్రతి నోరూ ఠక్కున మూసుకుంది. నమస్కారం అనవలసిన చోట నేను వందనాలు అన్నానని అప్పుడు తెలిసింది.

"ఏంటమ్మా, ఇదేమన్నా ప్రార్థన మీటింగా?" అన్నాడు శిక్షకుడు.

ముందు వరసలో అధికారి పట్టీ మీద వేలు పెట్టారు. తలెత్తి ఒక మొహం చూశారు, తల దించి పట్టీ చూశారు. మళ్ళీ ఇంకో మొహం చూశారు. మా ఊరి పిల్ల పైట చెంగుతో మూతి తుడుచుకుంటోంది, అక్కడేదో అంటుకున్నట్టు.

సాయంత్రం తెనాలి స్టేషన్లో తను నా మీద పడింది. రేపల్లె బండికి ఇంకా టైముంది. ప్లాట్‌ఫాం మీద జనం చూస్తున్నారని కూడా లేదు.

"నీ నోరు పడిపోనూ, నమస్కారం అనడానికి ఏమైందక్కా నీకు?"

"నేను కావాలని అన్నానా?"

"నీకేం! మీ నాన్న ముందే రాసేశాడు. నువ్వు పోగొట్టుకునేదేముంది? నాకు వచ్చే నెల ప్రమోషన్ లిస్టు. ఇప్పుడెవడో నేను ఎస్సీ కాదని ఒక అర్జీ పడేస్తే ప్రమోషన్ కాదు, ఉద్యోగమే పోద్ది. ఇద్దరు పిల్లలు నాకు."

"మా నాన్న రాసింది నిజం."

"ఆ నిజం పెట్టుకుని మీ తమ్ముళ్ళిద్దరూ ఎన్నేళ్ళు అరుగుల మీద కూర్చున్నారో నాకు తెలీదా? బాప్తిస్మం తీసుకున్న రోజు నా ఇల్లు పేటలోంచి లేచి ఊళ్ళోకెళ్ళిందా అక్కా? హోటల్లో నాకు గ్లాసు వేరే పెట్టినోడు, ఏ గుడికెళ్తావని అడిగి పెట్టాడా?"

గ్లాసు మాట నిజమని నాకూ తెలుసు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

"మరి నువ్వెందుకు పలికావు? నోరు మూసుకోవాల్సింది."

"నువ్వే కదా నేర్పావు!" అని అరిచింది. "నిలబెట్టి పదిసార్లు అనిపించావు కదా! నోరు దానంతటదే లేచింది."

బండి వచ్చింది. వెళ్ళొస్తానని కూడా అనకుండా ఎక్కేసింది.

సోమవారం బాపట్లలో ఆఫీసుకు వెళ్ళేసరికి సూపరింటెండెంటు కుర్చీలో జూనియర్ కూర్చుని ఉన్నాడు. అంచున కాదు. బాగా వెనక్కి ఆనుకుని. నా బల్ల మీద మెమో ఉంది. ఏఓ గారు లోపలికి పిలిచారు.

"శిక్షణ బాగా జరిగిందటగా. ఫోనొచ్చింది లెండి."

నేను మెమో చేత్తో పట్టుకుని నిలబడ్డాను.

"చూడండమ్మా, మీ మీద నాకేం లేదు. మీది ఓపెన్‌గా ఉన్న కాగితం. కానీ అక్కడ బదులు పలికినవాళ్ళున్నారే, వాళ్ళ సంగతి వేరు. మన జిల్లా వాళ్ళే కొందరు. మీరు సంజాయిషీలో పేర్లతో సహా జరిగింది జరిగినట్టు రాయండి. ఆ కుర్చీ ఆర్డరు మీద నేనింకా సంతకం పెట్టలేదు."

"నేను పేర్లు రాయడం ఎందుకండీ? పట్టీ ఉంది కదా మీ దగ్గర."

"పట్టీలో ఎవరొచ్చారో ఉంటది. ఎవరు నోరు తెరిచారో ఉండదుగా." ఆయన నవ్వారు. "అబద్ధం రాయమనట్లేదే! నిజమే రాయమంటున్నాను. మీరు అబద్ధం ఆడకూడదుగా? మీ దేవుడు ఒప్పుకోడంటగా?"

ఆ నవ్వు నాకు ఈ రోజుకీ గుర్తుంది. నా ప్రభువు మాటను తన బల్ల మీది పేపర్ వెయిట్‌లా తిప్పుతూ ఆడుకున్నాడు ఆ మనిషి. నన్ను తెనాలి పంపి కుర్చీ లాక్కున్నవాడు, మావాళ్ళనే కొందరిని నా చేత్తో పట్టించి, ఆ కుర్చీనే నాకు కూలిగా ఇస్తానంటున్నాడు.

మా నాన్న జీవితంలో ఒక్క కాగితం మీద కూడా అబద్ధం రాయలేదు. దాని ఖరీదు మేం కట్టాం. నేనూ సర్వీసులో అడుగుపెట్టిన రోజు నుంచి ఒక్క తప్పు మాట ఫైలెక్కించలేదు. ఆ పిల్ల మీద నాకు జాలి కలగలేదు. ఆ మాట దాచను. ప్లాట్‌ఫాం మీద అన్నవన్నీ చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. తను చేస్తున్నది తప్పని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. కానీ దానికి తీర్పు తీర్చవలసింది పై సింహాసనం. ఏఓ గారి రివాల్వింగ్ కుర్చీ కాదు.

నా బల్ల దగ్గరికి వచ్చి తెల్లకాగితం తీసుకున్నాను. రెండు వాక్యాలు రాశాను. "సమావేశం ప్రారంభంలో నేను అలవాటుగా వందనాలు అన్నాను. ఎవరూ బదులు పలకలేదు." సంతకం పెట్టి ఇచ్చాను. ఏఓ గారు రెండుసార్లు చదివారు.

"ఆలోచించే రాశారా?"

"ఆలోచించే రాశానండి."

"మీ ఇష్టం. నాయకత్వం ఇంకా రాలేదన్నమాట మీకు."

సాయంత్రానికి జూనియర్ ఇన్‌చార్జి ఆర్డరు మీద సంతకం పడింది. ఇప్పుడు అతని దగ్గరికి ఫైళ్ళు తీసుకెళ్ళి నిలబడతాను. ఆ పిల్లకు ప్రమోషన్ వచ్చింది. ఎవరూ ఏ అర్జీ పెట్టలేదు. నేనేం రాశానో తనకు ఎవరు చెప్పారో తెలియదు గానీ తెలిసింది.

తర్వాతి నెల, ప్రభువు రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆరాధనకు మా ఊరు వెళ్ళాను. అవి తీసుకునే ముందు సంఘమంతా కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతాం. పుస్తకం చేతిలో ఉంది, పెదవులు కదిలాయి. కానీ సంజాయిషీలో రాసిన ఆ రెండో వాక్యం కోసం నాలో పశ్చాత్తాపం ఎక్కడా దొరకలేదు. మళ్ళీ అడిగితే మళ్ళీ అదే రాస్తాను. పశ్చాత్తాపం లేని చేతులు చాపకూడదని పిల్లలకు నేర్పినదాన్ని నేనే. బల్ల దగ్గరికి లేవకుండా చాప మీదే కూర్చుండిపోయాను. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

ఆ పిల్ల లేచింది. తల మీద ముసుగు సర్దుకుని, అందరితో పాటు ముందుకు వెళ్ళి మోకరించింది. చేతులు చాపి తీసుకుంది. తిరిగి వస్తూ నా పక్కన ఆగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. వంగి, నాకు మాత్రమే వినపడేటట్టు అంది.

"వందనాలక్కా."

నా చేతిలో పుస్తకం తెరిచే ఉంది. నేను పేజీ వంక చూస్తూ కూర్చున్నాను. తను కాసేపు అలాగే వంగి ఎదురుచూసి, వెళ్ళిపోయింది.