కనురెప్పల మీది నెమలి రంగు

కొన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. అన్నం తినేటప్పుడు, పిల్లకు జడ వేసేటప్పుడు, జిమ్‌లో పదిమందిచేత కసరత్తులు చేయించేటప్పుడు కూడా అది నా మీదే ఉంటుంది. నా పేరు అడగకండి. పేరు చెప్పుకునే ధైర్యమే ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

చదివాక "పాపం, ఏం చేస్తుందిలే" అని మాత్రం అనకండి. చేయగలిగింది ఉంది. చేయలేదు.

మాది భద్రాచలం. మావారికి ఎరువుల కొట్టుంది. రెండో కాన్పు తర్వాత నాకు ఒళ్లొచ్చింది. మేడమెట్లు ఎక్కితే ఆయాసం. షుగరు హద్దు దాకా వచ్చిందనీ, ఇకనైనా ఒళ్లు వంచమనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మావారి స్నేహితుడొకాయన అప్పుడే జిమ్ పెట్టాడు. పొద్దెక్కాక ఆడవాళ్లకు వేరే బ్యాచ్ అన్నాడు. మావారు రోజూ కారులో నన్ను అక్కడ దింపి కొట్టుకు వెళ్లేవారు. తిరిగి ఆటోలో వచ్చేదాన్ని.

ఆ బ్యాచ్‌ను చూసుకునేది నసీమా. నాకన్నా పదేళ్లయినా చిన్నది. వాళ్ల ఇల్లు వంతెన అవతల. ఆడపిల్లకు జిమ్‌లో ఉద్యోగమేంటని వాళ్లన్న గొడవ పెడితే, బతిమాలి ఒప్పించుకుని వచ్చింది. మొదటి రోజు నేను కింద కూర్చుని లేవలేకపోతే ఆమె నవ్వలేదు. నా ఒళ్లు చూసి నవ్వని మనిషి అప్పటికి నాకు కొత్త. "గోడకు ఆనుకో అక్కా. నేను పట్టుకుంట గదా, పడవ్" అంది. నిజంగానే పట్టుకుంది. కొన్ని నెలలకు నా మోకాళ్లు నా మాట వినడం మొదలుపెట్టాయి. చీర కుచ్చిళ్లు పాత చోటికి వచ్చాయి. గర్వం కూడా వచ్చింది, దాచుకోను.

ఆ పిల్లకు ఇంకో పిచ్చి ఉండేది. కనురెప్పలకు రంగులు. ఒక రోజు వంకాయ రంగు, ఒక రోజు పసుపు, ఒక రోజు నీలం మీద వెండి మెరుపు. పెళ్లికూతుళ్లకు మేకప్ చేయడం ఫోన్‌లో చూసి నేర్చుకుంటూ, ముందు తన కళ్ల మీదే వేసి చూసుకునేది. మా ఊరి ఎండకు ఆడపిల్లలంతా ముఖానికి స్కార్ఫ్ చుట్టుకునే బండి నడుపుతారు. కళ్లు తప్ప ఏమీ కనబడవు. అంతమందిలోనూ నసీమా కళ్లు దూరం నుంచే తెలిసిపోయేవి. కరకట్ట దగ్గర టీ కొట్టువాళ్లు ఆమెను రంగుల పిల్ల అనేవారు.

ఒక రోజు నన్ను కూర్చోబెట్టి నాకూ వేసింది. వేలి కొసతో, ఊపిరి బిగబట్టి, రెప్ప మీద రెప్ప వాలినంత మెల్లగా. కళ్లు తెరిచి అద్దంలో చూసుకున్నాను. అప్పటిదాకా అద్దం ముందు నిలబడితే నేను చూసుకునేది పొట్టనే. ఆ రోజు కళ్లు చూసుకున్నాను. ఇవి నావేనా అనిపించింది. ఏడుపొచ్చింది కూడా. ఏడిస్తే రంగు పోతుందని నసీమా తిట్టింది.

ఆ రంగుతో ఇంటికి వెళ్లడం నా వల్ల కాదు. ఒకసారి పెళ్లికి వెళ్తూ కంటి కింద సన్నగా నీలం గీత గీసుకుంటే మావారు చుట్టాలందరి ముందూ, "ఏంటి, జాతరకా?" అన్నారు. అందరూ నవ్వారు. అందుకే నసీమాతో, "ఇంట్లో తెలిస్తే ఆయన నన్ను చంపేస్తారే, ఎవరికీ చెప్పకు" అన్నాను. మాట వరసకే అన్నాను. ఆ పిల్ల మాత్రం నిజమే అనుకుంది. తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టేసింది.

అట్లా మొదలైంది మా దొంగాట. బ్యాచ్ అయ్యాక జిమ్ సాయంత్రం దాకా మూసి ఉంటుంది. నసీమా అక్కడే ఉండి అన్నం తిని, నమాజు చేసుకుని, కాసేపు పడుకునేది. నాకు రంగులు వేసి, తన స్కూటీ తాళం ఇచ్చేది. పెళ్లికి ముందు నేర్చుకున్న బండి. నాకు బండి వచ్చన్న సంగతి అత్తవారింట్లో అందరూ మరిచిపోయారు. స్కార్ఫ్ చుట్టుకుని కరకట్ట మీద ఒక చుట్టు తిరిగి వచ్చేదాన్ని. పక్కన గోదావరి. ఎదురుగా వచ్చేవాళ్లు నా కళ్లు చూసేవారు. నేనెవరో ఎవరికీ తెలియదు. ఆ కాసేపు నేను ఎవరి భార్యనూ కాదు, ఎవరి కోడలినీ కాదు.

ఆ రోజు నెమలి రంగు. పచ్చ, దాని మీద నీలం, కంటి మూల కొంచెం బంగారం. ఒక పెళ్లికూతురి కోసం సాధన చేస్తూ పొద్దున తన కళ్లకు వేసుకుని వచ్చింది. బ్యాచ్‌లో అందరూ చూశారు. తర్వాత అదే రంగు నాకూ వేసింది. నేను తాళం తీసుకునేటప్పటికి నమాజుకని ముఖం కడుక్కుంటోంది. నమాజుకు ముందు చర్మానికి నీళ్లు అంటాలి కదా, రంగంతా రుద్ది కడిగేసింది. ఇది గుర్తుపెట్టుకోండి. నేను బయటికి వెళ్లేటప్పటికి ఆమె కళ్ల మీద రంగు లేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

బండి అద్దాన్ని నా ముఖం వైపు తిప్పుకున్నాను. వెనక వచ్చేవాటిని చూడడానికి కాదు, నన్ను నేను చూసుకోవడానికి. కరకట్ట దిగే చోట కూడా చూసుకుంటూనే ఉన్నాను. దిగువన చీపుర్ల మోపు నెత్తిన పెట్టుకుని ఒక ముసలామె రోడ్డు దాటుతోంది. అడవి పల్లె నుంచి అమ్మకానికి వచ్చిన మనిషి. బ్రేకు వేశాను, ఆలస్యంగా. బండి ఆమె నడుముకు తగిలింది. మోపు ఒక పక్క, ఆమె ఒక పక్క. నేను పడలేదు. నెలల తరబడి చేసిన కసరత్తు కదా, కాళ్లు గట్టిగా ఆనాయి.

ఆమె లేచిందనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. వెనక్కి తిరిగి చూశాను. లేవలేదు. చెయ్యి ఎత్తి ఎవరినో పిలుస్తోంది. టీ కొట్టులోంచి మనుషులు పరుగెత్తుకొస్తున్నారు. నేను వెళ్లిపోయాను.

జిమ్‌కు వచ్చేసరికి నసీమా లోపలి గదిలో చాప మీద ఉంది, నాకు వీపు చేసి. తాళం మేకుకు తగిలించాను. కళ్లు మంటపుట్టేలా కడుక్కున్నాను. ఆమె తల తిప్పేలోపు ఆటో ఎక్కేశాను.

సాయంత్రం జిమ్ ఓనర్ మావారికి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం ఆఖరున వెళ్లింది మీ ఆవిడే కదా, ఒకసారి తీసుకురమ్మన్నాడు. వెళ్లాం. ముసలామె కొడుకు, టీ కొట్టు ఆయన నిలబడి ఉన్నారు. మధ్యలో నసీమా.

"అవ్వకు తుంటి ఎముక ఇరిగిందట. దవాఖానల ఉంది" అన్నాడు ఓనర్. "ఈయన కండ్లార చూసిండు. ఈ పిల్ల స్కూటీనే. ముఖానికి స్కార్ఫ్, కండ్లకు నెమలి రంగు. మన ఊళ్లె ఇంకెవరున్నరు గట్ల?"

"నేను నమాజుల ఉన్న సార్. రంగు అప్పటికే కడుక్కున్న" అంది నసీమా.

"కడుక్కున్నవంటేనే సమజైతుంది" అన్నాడు టీ కొట్టు ఆయన.

అప్పుడు ఆమె నా వైపు తిరిగింది. బండి అక్క తీసుకుపోయిందని అనలేదు. అనొచ్చు. నా పక్కన మావారు ఉన్నారు. ఆమె ఆయన్ను చూసింది, నన్ను చూసింది. నేనన్న చంపేస్తారనే మాట ఆ కళ్లలో కనబడింది నాకు. నలుగురిలో ఆమె నన్ను మీరు అనేది.

"అక్కా, నేను లోపట్నే ఉన్న గదా. మీరు చూసిన్రు గదా. గంతే చెప్పుండ్రి, ఇంకేం వద్దు."

అంతే అడిగింది. నన్ను కాపాడుతూనే అడిగింది. నేను ఒప్పుకోనక్కర్లేదు, ఆమె లోపలే ఉందని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆమె లోపల ఉంటే బండి మీద ఎవరున్నారని తర్వాత అడుగుతారు. అది నాకు తోచింది. అంత తొందరగా ఎలా తోచిందో! మంచి ఆలోచనలు నాకెప్పుడూ అంత వేగంగా రావు.

"నేనప్పటికే వెళ్లిపోయాను నసీమా. నాకేం తెలుస్తుంది?" అన్నాను. అంతటితో ఆగినా బాగుండేది. "ఆ రంగులు మానెయ్యమని నేను చెబుతూనే ఉన్నానండీ, వింటేగా" అని ఓనర్‌తో అన్నాను.

ఆమె వేలితో నా రెప్పల మీద రంగు అద్ది గట్టిగా ఒక పూట కూడా కాలేదు.

నసీమా నా కంటి మూలకేసి కొంచెంసేపు చూసింది. అక్కడ బంగారం ఇంకా అంటుకుని ఉందేమోనని నేను తల దించుకున్నాను. తర్వాత ముసలామె కొడుకుతో, "ఏ దవాఖాన అన్నా? నేనొస్త" అంది.

కేసు లేకుండా రాజీ కుదిర్చారు. వైద్యం ఖర్చు నసీమా ఇంటివాళ్లు పెట్టుకున్నారు. ఉద్యోగం పోయింది. వాళ్లన్నకు కావలసింది దొరికింది, ఇంట్లో కూర్చోబెట్టాడు. ఆ వారమే ఓనర్ నన్ను అడిగాడు, ఆడవాళ్ల బ్యాచ్ మీరు చూసుకుంటారా అని. చూసుకుంటానన్నాను. ఎందుకు ఒప్పుకున్నాను? వద్దంటే అనుమానం వస్తుందనా? కాదు. నాకు కావాలనిపించింది. ఇదే అన్నిటికన్నా సిగ్గుచేటు. ఆమె నేర్పిన కసరత్తులే ఇప్పటికీ నేర్పుతున్నాను. కొత్తగా వచ్చిన లావాటి ఆడవాళ్లను గోడకు ఆనుకోమంటాను. నేను నవ్వను. వాళ్లు నన్ను మంచిదాన్నంటారు. జిమ్‌లో మేకప్ వేసుకోకూడదని గోడ మీద బోర్డు కూడా నేనే పెట్టించాను. ఎవరి కళ్లకైనా రంగు కనబడితే నాకు ఆ సాయంత్రమే ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

నసీమాకు తర్వాత కొత్తగూడెంలో పెళ్లయిందని విన్నాను. మేకప్ చేస్తోందో మానేసిందో తెలియదు. ఆమె నంబరు నా ఫోన్‌లో ఉంది. ఎన్నోసార్లు తీశాను. ఏమని మొదలుపెట్టాలి? క్షమించమని అడిగితే, పోనీలే అక్కా అంటుంది. ఆమె ఆ మాట అంటుందని నాకు తెలుసు. ఆ మాట తీసుకోవడానికి నాకేం అర్హత ఉంది? లేక ఇదంతా ఫోన్ చేయకుండా ఉండడానికి నేను వెతుక్కున్న సాకేనా? బహుశా సాకే.

ఆ అవ్వ బతికే ఉంది. కర్ర పట్టుకుని నడుస్తుంది. తలమీద మోయలేదు కాబట్టి వంతెన దగ్గర కూర్చుని అమ్ముకుంటుంది. నేనెవరో ఆమెకు తెలియదు. వెళ్లినప్పుడల్లా కొంటాను. ఇన్ని చీపుర్లు ఏం చేసుకుంటావని మావారు ఎగతాళి చేస్తారు. మొన్న బేరం లేక మాటల్లో పడింది. తనను గుద్దిన సంగతి చెప్పింది. నేను డబ్బులు తీస్తున్నట్టు సంచిలోకి తల వంచాను.

"ఆ రంగుల పిల్లను నేను తిట్టలే బిడ్డా" అంది. "దవాఖానల ఉన్నన్ని దినాలు వచ్చి సూసింది. నా తల గూడ దువ్వింది. ఒక్కటే అడిగిన, ఎందుకు ఆగలేదే తల్లీ, ఆగి లేపితే ఏమాయె అని. నోరు తెరువలే. గదొక్కటే నాకు సమజ్ కాలే."

నసీమా ఏం చెబుతుంది? ఆగని మనిషి ఆమె కాదు. ఆ ప్రశ్న అన్నేళ్లుగా తప్పు మనిషి దగ్గర ఉంది. అవ్వ ముందు నిలబడి కూడా నేను నోరు తెరవలేదు. చీపురు తీసుకుని వచ్చేశాను. ఆమెకు చెప్పాల్సిన జవాబు ఇక్కడ మీకు చెబుతున్నాను.

ఆగితే జనం చేరతారు. ముఖం చూపించమంటారు. స్కార్ఫ్ తీస్తే రంగు కనబడుతుంది. ఎరువుల కొట్టాయన భార్య కళ్లకు నెమలి రంగు పూసుకుని స్కూటీ మీద తిరుగుతోందని మావారికి తెలుస్తుంది. అప్పుడు ఆయన ఏం చేస్తారు? చంపరు. కొట్టే మనిషి కాదు, ఒక్క దెబ్బ వేసి ఎరగరు. నవ్వుతారు. ఏంటి, జాతరకా అంటారు. చుట్టాలకు చెప్పి ఇంకోసారి నవ్వుతారు.

అంతే అవ్వా. ఆ నవ్వు పడలేక ఆగలేదు. నీ నడుమూ, నసీమా బతుకూ ఆ నవ్వు కన్నా నాకు తక్కువైపోయాయి. బండి మీద ఉన్నది నేను. నసీమా లోపలే ఉంది, నేను చూశాను.

రాశాను. ఎవరూ క్షమించనక్కర్లేదు. ఇన్నేళ్ల తర్వాత ఊపిరి నిండుగా తీసుకున్నాను.